ఖరీదైన స్విచ్చి పెడితే పాట తీయనవుతుందా?

మీ బాబాయికి సంగీతమంటే ప్రాణం అనుకోండి. జీతంలోంచి నెలనెలా కొంత మిగిల్చి మంచి స్పీకర్లు కొన్నాడు. ఆ తరువాత మంచి ఆంప్లిఫయరు కొన్నాడు. ఇప్పుడు పాటలు క్యాసెట్లలో రావడం లేదు కదా! ఇంటర్నెట్టు గుండా ఇంట్లోకి వస్తాయి. గోడ మూల ఉన్న ఒక చిన్న పెట్టెకు తీగలు తగిలించి ఉంటాయి. పాట ఆ పెట్టెలోంచే బాబాయి సంగీత పరికరానికి చేరుతుంది.

ఒకనాడు స్నేహితుడొకాయన వచ్చి, “ఇంత మంచి స్పీకర్లు పెట్టుకుని ఈ వెయ్యి రూపాయల స్విచ్చి వాడుతున్నావా? సంగీతం కోసమే ప్రత్యేకంగా తయారు చేసే స్విచ్చీలున్నాయి. అది పెట్టి చూడు. వీణ తీగ కంపించడం కళ్లకు కట్టినట్టు వినిపిస్తుంది!” అన్నాడు. ధర అడిగితే లక్ష రూపాయల పైమాటే. బాబాయి దగ్గర ఆ డబ్బుంది. కాని అది వానాకాలం వచ్చేలోగా ఇంటి పైకప్పు బాగు చేయించడానికి పిన్ని దాచిన డబ్బు. బాబాయి రాత్రంతా ఆలోచించి, తెల్లవారగానే మిమ్మల్ని పిలిచి అడిగాడు: “నువ్వు సైన్సు చదువుతున్నావు కదా, నువ్వు చెప్పు. కొనమంటావా, వద్దంటావా?”

ఏం చెబుతారు? “నాకు తెలియదు” అంటే పైకప్పు కురుస్తుంది. “అంతా మోసం” అని కొట్టిపారేస్తే అదీ శాస్త్రీయం కాదు. అసలు ఆ పెట్టెలో ఏం జరుగుతుందో ముందు తెలుసుకుందాం. జవాబు దానంతట అదే దొరుకుతుంది.

ఏమిటీ స్విచ్చి?

స్విచ్చి అనగానే మీకు గోడమీద దీపం వెలిగించే మీట గుర్తుకు వస్తుంది. ఇది అది కాదు. నెట్‌వర్కు స్విచ్చి అంటే అయిదో ఎనిమిదో రంధ్రాలున్న చిన్న పెట్టె. ఒక్కొక్క రంధ్రంలో ఒక్కొక్క తీగ. ఒకటి ఇంటర్నెట్టు పెట్టె నుంచి వస్తే, ఒకటి కంప్యూటరుకు, ఒకటి టీవీకి, ఒకటి సంగీత పరికరానికి పోతుంది.

దీని పుట్టుక ఆసక్తికరమైనది. 1973లో అమెరికాలోని జిరాక్స్ సంస్థ పరిశోధనాలయంలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ అనే ఇంజనీర్లు కంప్యూటర్లను ఒకే తీగకు కలిపి మాట్లాడించే పద్ధతికి రూపకల్పన చేశారు. దానికి ‘ఈథర్‌నెట్’ అని పేరు పెట్టారు. కాంతి ప్రయాణించడానికి విశ్వమంతటా ‘ఈథర్’ అనే పదార్థం నిండి ఉంటుందని పూర్వం శాస్త్రజ్ఞులు నమ్మేవారు. 1887లో మైకెల్సన్, మోర్లీ దానికోసం ఎంతో సున్నితమైన ప్రయోగం చేసి వెతికారు. దాని జాడ దొరకలేదు. పేరు మాత్రం మన ఇళ్ల తీగల్లో మిగిలిపోయింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ పనికివస్తుంది.

మొదట్లో కంప్యూటర్లన్నీ ఒకే తీగ మీద ఉండేవి. ఒకరికి చెప్పవలసిన మాట అందరికీ వినిపించేది. ఊళ్లో దండోరా వేయించడం వంటిదన్నమాట. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే రెండు మాటలూ చెడిపోయేవి. మళ్లీ చెప్పుకోవలసి వచ్చేది. 1990లో అమెరికాలోని ఒక చిన్న కంపెనీ ఈ చిక్కు తీర్చే పెట్టెను, అంటే తొలి ఈథర్‌నెట్ స్విచ్చిని, మార్కెట్టులోకి తెచ్చింది. ఆ కంపెనీ పేరేమిటో తెలుసా? ‘కల్పన’! అచ్చంగా మన పేరే.

స్విచ్చి పని దండోరా కాదు, పోస్టుమాన్ పని. వచ్చిన ప్రతి పొట్లం మీది చిరునామా చదువుతుంది. అది ఎవరిదో వారి తీగలోకే పంపుతుంది. లోపల ఏముందన్నది దానికి అక్కరలేదు. అందులో సంగీతం ఉందో, మీ లెక్కల హోంవర్కు ఉందో దానికి తెలియనే తెలియదు.

పాట అంకెలుగా మారడం

గాయని పాడినప్పుడు గాలిలో ఒత్తిడి హెచ్చుతూ తగ్గుతూ అలలుగా వ్యాపిస్తుంది. మన చెవి సెకనుకు సుమారు 20 కంపనాల నుంచి 20,000 కంపనాల వరకూ వినగలదు. మైకు ఈ ఒత్తిడిని విద్యుత్తుగా మారుస్తుంది. తరువాత ఆ విద్యుత్తును సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ ఒక సంఖ్యగా రాసుకుంటారు. 1982లో వచ్చిన కాంపాక్ట్ డిస్కుకు సోనీ, ఫిలిప్స్ సంస్థలు నిర్ణయించిన లెక్క ఇది. ఒక్కొక్క కొలతకు 16 బిట్లు. బిట్టు అంటే సున్న గాని ఒకటి గాని. ఎడమ చెవికి ఒక వరస, కుడి చెవికి ఒక వరస.

గుణించి చూడండి: 44,100 × 16 × 2. సెకనుకు 14,11,200 బిట్లు. నాలుగు నిమిషాల పాటకు దాదాపు 33 కోట్ల 87 లక్షల సున్నలు, ఒకట్లు. వీటిని అలాగే పంపినా, సమాచారం పోకుండా కుదించి పంపినా, చివరికి సంగీత పరికరం చేతికి చేరవలసినవి సరిగ్గా ఇవే అంకెలు.

కనుక మన ప్రశ్న ఇప్పుడు మూడు చిన్న ప్రశ్నలుగా విడిపోతుంది. స్విచ్చి ఈ అంకెలను మార్చగలదా? అంకెలు వచ్చే వేళను చెడగొట్టగలదా? అంకెలతోపాటు తీగలో మరేదైనా అల్లరిని లోపలికి పంపగలదా? ఒక్కొక్కటే చూద్దాం.

మొదటి ప్రశ్న: అంకెలు మారుతాయా?

పాటను ఒకే ధారగా పంపరు. చిన్న చిన్న పొట్లాలుగా కట్టి పంపుతారు. ఈథర్‌నెట్‌లో ఒక పొట్లంలో 1,500 బైట్ల వరకూ పడుతుంది. బైటు అంటే 8 బిట్లు. చిరునామాలకు, వరస సంఖ్యలకు పోయే చోటు తీసివేస్తే, కుదించని మన నాలుగు నిమిషాల పాట సుమారు 29,000 పొట్లాలవుతుంది.

ప్రతి పొట్లం చివరా ఒక ‘సరిచూపు సంఖ్య’ ఉంటుంది. ఇదేమిటో మీ లెక్కల పుస్తకం సాయంతోనే చెప్పవచ్చు. 472951 అనే సంఖ్యను మీ స్నేహితుడికి పంపాలనుకోండి. అంకెలన్నీ కూడితే 28. దాన్ని 9తో భాగిస్తే శేషం 1. సంఖ్యతోపాటు ఈ 1ని కూడా రాసి పంపండి. దారిలో ఎవరో 7ని పొరపాటున 8గా రాశారు. అక్కడ మీ స్నేహితుడు కూడితే 29 వస్తుంది, శేషం 2. “ఇందులో తప్పుంది, మళ్లీ పంపు” అంటాడు.

ఈ 9 పద్ధతి కొన్ని తప్పులను పట్టలేదు. ఉదాహరణకు రెండు అంకెలు స్థానాలు మార్చుకుంటే మొత్తం మారదు. అందుకే ఈథర్‌నెట్‌లో ఇంతకన్నా ఎంతో గట్టి భాగహారం చేసి 32 బిట్ల శేషాన్ని జతపరుస్తారు. చిందరవందరగా చెడిపోయిన పొట్లం కూడా దీని కన్నుగప్పి పోగలిగే అవకాశం సుమారు 429 కోట్లలో ఒక్కటి. స్విచ్చి ప్రతి పొట్లానికీ ఈ లెక్క వేసి చూస్తుంది. శేషం సరిపోకపోతే ఆ పొట్లాన్ని అక్కడే పారేస్తుంది. పొట్లం రాలేదని తెలిసిన సంగీత పరికరం దాన్ని మళ్లీ తెప్పించుకుంటుంది. ఇలా తిరిగి తెప్పించుకునే నియమాలకు 1974లో వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అనే శాస్త్రజ్ఞులు పునాది వేశారు.

అంటే పొట్లం సరిగ్గా వస్తుంది, లేదా రానే రాదు. ‘కొంచెం మెత్తగా’ రావడం, ‘కొంచెం మొరటుగా’ రావడం అంటూ ఏమీ లేదు. మన దేశంలో 2013 వరకూ టెలిగ్రాములుండేవి. “రేపు వస్తున్నాను” అనే తంతిని ఇత్తడి మీటతో కొట్టినా, బంగారు మీటతో కొట్టినా, వచ్చేది రేపే కదా! బంగారు మీటతో కొట్టారని చుట్టం ఇవాళే దిగడు.

ఇంకో మాట. మీ పరీక్షల మార్కులు, బ్యాంకు ఖాతాల లెక్కలు కూడా ఇలాంటి స్విచ్చీల గుండానే పోతున్నాయి. మామూలు స్విచ్చి పాటలోని అంకెలను పాడు చేసేదే అయితే, బ్యాంకులోని వంద రూపాయలు రోజుకోరకంగా మారుతూ ఉండాలి. ఖరీదైన స్విచ్చి పెడితే మీకు లెక్కల్లో రెండు మార్కులు కలవాలి! అలా జరగడం లేదు. కనుక మొదటి ప్రశ్నకు జవాబు: అంకెలు మారవు.

రెండో ప్రశ్న: వేళ తప్పుతుందా?

“సరే, అంకెలు మారవు. కాని అవి ఒకదాని తరువాత ఒకటి సరైన వేళకు రావాలి గదా! చవక స్విచ్చిలోని గడియారం మంచిది కాకపోతే తాళం తప్పదా?” అని బాబాయి స్నేహితుడు అడుగుతాడు. ఇది మంచి ప్రశ్నే. అంకెలను తిరిగి ధ్వనిగా మార్చేటప్పుడు సెకనుకు 44,100 సార్లు, ఎంతో సమంగా, ఒక్కొక్క అంకెను తీసుకోవాలి. అక్కడ వేళ తడబడితే ధ్వని చెడిపోయే మాట నిజం.

కాని ఆ వేళను నిర్ణయించేది ఎవరు? దీనికి మీ ఇంటి మీది నీళ్ల ట్యాంకును చూడండి. మునిసిపాలిటీ నీళ్లు తెల్లవారుజామున ఒక గంటసేపు వస్తాయి. కాసేపు జోరుగా, కాసేపు సన్నగా, మధ్యమధ్య గాలి బుసలు కొడుతూ వస్తాయి. అవన్నీ ట్యాంకులో పడతాయి. కింద వంటింట్లో మీ అమ్మగారు కుళాయి తిప్పితే మాత్రం ధార నిలకడగా వస్తుంది. వీధి గొట్టంలో నీరు ఎగిరెగిరి వచ్చిన సంగతి ఆ ధారలో కనిపిస్తుందా? కనిపించదు. ట్యాంకు ఆ గతుకులన్నీ మింగేసింది.

సంగీత పరికరంలోనూ అలాంటి ట్యాంకు ఉంది. అది జ్ఞాపకశక్తి గల ఒక చిన్న చిప్పు. వచ్చిన పొట్లాలు ముందు అందులో చేరతాయి. మన పాటను 10 కోట్ల బిట్ల వేగం గల మామూలు తీగ సుమారు మూడున్నర సెకన్లలో మోసేయగలదు. పాట వినడానికి పట్టేది 240 సెకన్లు. అంటే తీగ ఎక్కువ కాలం ఖాళీగానే ఉంటుంది. పొట్లాలు గుంపులు గుంపులుగా వచ్చి ట్యాంకు నింపి ఊరుకుంటాయి.

ట్యాంకు కింది కుళాయి తిప్పేది వేరే గడియారం. అది సంగీత పరికరం లోపలే ఉన్న క్వార్ట్జ్ స్ఫటికం. చాలా పరికరాల్లో ఇది సెకనుకు 2,25,79,200 సార్లు కంపిస్తుంది. దీన్ని 512తో భాగించి చూడండి. సరిగ్గా 44,100 వస్తుంది! స్విచ్చిలోనూ స్ఫటికం ఉంటుంది, సాధారణంగా సెకనుకు 2 కోట్ల 50 లక్షల కంపనాలది. దీన్ని 44,100తో భాగిస్తే నిశ్శేషంగా పోదు. ఈ రెండు గడియారాలకూ చుట్టరికమే లేదు. పైగా స్విచ్చి ప్రతి పొట్లాన్నీ పూర్తిగా లోపలికి తీసుకుని, దాచి, తన గడియారంతో కొత్తగా పంపుతుంది. ఆ వేళ సంగీత పరికరం గుమ్మం దాకానే చెల్లుతుంది. ట్యాంకులో పడ్డాక దాని విలువ సున్న.

దీన్ని మీరే పరీక్షించవచ్చు. ఫోనులో ఒక పాట పెట్టి, పది సెకన్లు విన్నాక విమానం గుర్తున్న మీట నొక్కండి. ఇంటర్నెట్టుతో సంబంధం తెగిపోతుంది. అయినా పాట వెంటనే ఆగదు! ట్యాంకులో ఉన్నంతసేపు సాగుతూనే ఉంటుంది. ఆ కాసేపు స్విచ్చీ లేదు, తీగా లేదు, మునిసిపాలిటీ నీరే లేదు. మరి గొంతులో మార్పు వచ్చిందా? చెవి పెట్టి వినండి.

మూడో ప్రశ్న: అల్లరి లోపలికి వస్తుందా?

ఇది మూడింటిలోనూ కాస్త బలమైన వాదన. తీగలో పోయేది విద్యుత్తు. అంకెలతోపాటు స్విచ్చి విద్యుత్ అడాప్టరు పుట్టించే రొద కూడా పాకి వచ్చి సంగీత పరికరంలో చేరవచ్చు కదా?

దీన్ని ఊహించిన ఇంజనీర్లు ఈథర్‌నెట్ రంధ్రాల వెనుక చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టారు. ట్రాన్స్‌ఫార్మరులో రెండు చుట్లకూ మధ్య తీగ సంబంధం ఉండదని మీరు భౌతికశాస్త్రంలో చదువుకున్నారు. సంకేతం అయస్కాంత క్షేత్రం ద్వారా దాటుతుంది. ఈ అడ్డుగోడ 1,500 వోల్టులకు తట్టుకోవాలని నియమం. అయినా ఎంతో కొంత ఉన్నత పౌనఃపున్యపు రొద చుట్ల మధ్య నుంచి జారిపోవచ్చు. పైన లోహపు తొడుగున్న తీగ వాడితే, ఆ తొడుగు ద్వారా రెండు పరికరాల ఎర్తులు కలిసి 50 హెర్ట్జ్ గుంయ్‌మనే మోత రావడం కూడా అసాధ్యం కాదు.

కాని గమనించండి. అది వస్తే మోతగా, బరబరగా వినిపిస్తుంది. పాట ఆపినా వినిపిస్తుంది. వీణ తీగను ముసుగు తొలగించినట్టు చూపడమో, గాయని గొంతుకు తేనె పూయడమో అది చేయదు. దానికి మందు కూడా చవకే: లోహపు తొడుగు లేని మామూలు తీగ మార్చడం, లేదా మధ్యలో గాజు నారతో చేసిన కాంతి తీగ పెట్టడం. గాజులో విద్యుత్తు ప్రవహించదు గదా!

చెవితో తేలకపోతే కొలతతో తేల్చవచ్చు. రెండు స్విచ్చీలతోనూ అదే పాట వేసి, సంగీత పరికరం నుంచి బయటికి వచ్చే విద్యుత్తును నమోదు చేసి, ఒకదానిలోంచి ఒకటి తీసివేస్తారు. తేడా ఉంటే మిగులు కనిపిస్తుంది. మనిషి చెవి పట్టలేనంత సూక్ష్మమైన తేడాను కూడా నేటి కొలత సాధనాలు పడతాయి. చక్కగా తయారైన సంగీత పరికరాలతో ఇలా కొలిచి చూసినవారికి మామూలు స్విచ్చికీ ఖరీదైన స్విచ్చికీ నడుమ వినదగిన తేడా కనిపించలేదు.

మరి స్విచ్చి ఎప్పుడు ముఖ్యం?

స్విచ్చి పాట మీద ఎన్నడూ ప్రభావం చూపదని అనుకోకండి. స్విచ్చి చెడిపోతే, తీగ మడతపడి విరిగితే, పొట్లాలు ఎక్కువగా పోతాయి. ట్యాంకు ఖాళీ అవుతుంది. అప్పుడు పాట తెగుతుంది, ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. ఆ లోపం ఇంట్లో అందరికీ వినిపిస్తుంది. దాన్ని పట్టడానికి సంగీత విద్వాంసుడు అక్కరలేదు.

పెద్ద సభల్లో, స్టూడియోల్లో వాడే కొన్ని ఏర్పాట్లు కూడా వేరు. అక్కడ పాడేవారి గొంతు అదే క్షణంలో స్పీకర్లలో వినిపించాలి. కనుక ట్యాంకు చాలా చిన్నదిగా ఉంచాలి, పరికరాలన్నీ ఒకే వేళను నెట్‌వర్కు ద్వారా పంచుకోవాలి. అలాంటి చోట స్విచ్చిని జాగ్రత్తగా ఎంచుకుంటారు. విద్యుత్తు ఆదా కోసం స్విచ్చి మధ్యమధ్య కునుకు తీసే సౌకర్యాన్ని ఆపివేస్తారు కూడా. అయితే అక్కడ కూడా కావలసింది నమ్మకంగా పనిచేసే స్విచ్చి, తీయగా పాడే స్విచ్చి కాదు.

ఇంట్లో మందపాటి గోడలున్నా, వంటింట్లో మైక్రోవేవ్ పొయ్యి తిరుగుతున్నా వైఫై తడబడవచ్చు. ఆ పొయ్యీ, వైఫైలో ఒక రకమూ దాదాపు ఒకే పౌనఃపున్యం దగ్గర పనిచేస్తాయి. అలాంటప్పుడు తీగ వేసి మామూలు స్విచ్చి పెట్టుకుంటే పాట తెగకుండా వస్తుంది. అది నిజమైన ప్రయోజనమే. దానికి వెయ్యి రూపాయలు చాలు.

మరి వారికి తేడా ఎలా వినిపించింది?

ఇప్పుడు అసలైన చిక్కు. బాబాయి స్నేహితుడు అబద్ధాలాడే మనిషి కాదు. తనకు తేడా వినిపించిందని నిజాయితీగానే చెబుతున్నాడు. మరి దాన్నేమనాలి?

1784లో పారిస్ నగరంలో ఇటువంటి సమస్యే వచ్చింది. ‘జీవ అయస్కాంత శక్తి’తో రోగాలు నయం చేస్తానని మెస్మర్ అనే వైద్యుడు పేరు పొందాడు. ఆ శక్తిని చెట్లకు కూడా ఎక్కించవచ్చనీ, అలాంటి చెట్టును తాకితే రోగి శరీరం కంపిస్తుందనీ ఆయన పక్షంవారు చెప్పేవారు. నిజం తేల్చమని ఫ్రాన్సు రాజు ఒక సంఘాన్ని నియమించాడు. అందులో బెంజమిన్ ఫ్రాంక్లిన్, లెవోయిజర్ ఉన్నారు. మీరు రసాయనశాస్త్రంలో చదివిన లెవోయిజరే!

ఫ్రాంక్లిన్ ఇంటి తోటలో ఒక చెట్టుకు ‘శక్తి’ ఎక్కించారు. పన్నెండేళ్ల కుర్రవాణ్ణి కళ్లకు గంతలు కట్టి తీసుకువచ్చారు. అతన్ని ఒక్కొక్క చెట్టు దగ్గరికీ నడిపించారు. మొదటి చెట్టు దగ్గర చెమటలు పట్టాయి. తరువాతి చెట్ల దగ్గర తల తిరిగింది. నాలుగో చెట్టు దగ్గర స్పృహ తప్పి పడిపోయాడు. అయితే శక్తి ఎక్కించిన చెట్టు ఆ నాలుగింటిలో లేనే లేదు! అది దూరంగా ఉంది.

మీ ఈడు కుర్రవాడు. అతడు నటించలేదు, అబద్ధమాడలేదు. నమ్మకం అతని శరీరాన్నే పడగొట్టింది. అంత బలమైన నమ్మకం మనకు ఒక వీణ స్వరాన్ని కాస్త తీయగా వినిపింపజేయడంలో వింత ఏముంది? వినడం చెవి ఒక్కటే చేసే పని కాదు, మెదడు కూడా చేస్తుంది. లక్ష రూపాయలు పోసిన తరువాత మెదడు మరింత శ్రద్ధగా వింటుంది. ఎన్నడూ పట్టించుకోని తంబురా శ్రుతి ఇవాళ స్పష్టంగా వినిపిస్తుంది. అది నిన్న కూడా అక్కడే ఉంది. నిన్న మనం వినలేదు, అంతే. ఒక్క రవ్వంత ధ్వని పెంచినా అది ‘పెద్దగా’ అనిపించకుండా ‘బాగా’ అనిపిస్తుంది. నిన్నటి ధ్వనిని నేటి దాకా అచ్చుగుద్దినట్టు గుర్తుంచుకునే శక్తి కూడా మనకు లేదు.

టీ కప్పులు నేర్పిన పాఠం

కనుక పరీక్ష ఎలా ఉండాలి? ఏ స్విచ్చి ఉన్నదీ వినేవారికి తెలియకూడదు. ఎన్నిసార్లు సరిగా చెబితే నమ్మాలో ముందే నిర్ణయించుకోవాలి. ఈ రెండో మాటను గణితంగా మలిచినవాడు ఇంగ్లండుకు చెందిన రొనాల్డ్ ఫిషర్. కప్పులో ముందు పాలు పోశారో, ముందు టీ పోశారో తాను రుచి చూసి చెప్పగలనని ఒకామె అన్నది. 1935లో అచ్చయిన తన పుస్తకంలో ఫిషర్ దీన్నే ఉదాహరణగా తీసుకున్నాడు. ఎనిమిది కప్పులు, వాటిలో నాలుగు ఒక రకం, నాలుగు ఇంకో రకం. వాటిని రెండు జట్లుగా విడదీసే మార్గాలు 70. ఊరికే ఊహిస్తే అన్నీ సరిగా చెప్పే అవకాశం 70లో ఒక్కటే. ఈ ఫిషర్ దగ్గరే మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు పరిశోధన చేసి, 1948లో కేంబ్రిడ్జిలో డాక్టరేటు పొంది, ప్రపంచం మెచ్చిన గణాంక శాస్త్రవేత్త అయ్యారు.

2007లో అమెరికాలో మేయర్, మోరాన్ అనే ఇద్దరు ఇలాంటి మరుగు పరీక్ష ఫలితాలు ప్రకటించారు. ప్రశ్న స్విచ్చి గురించి కాదు. కాంపాక్ట్ డిస్కు కన్నా సూక్ష్మంగా నమోదు చేసిన సంగీతాన్ని డిస్కు స్థాయికి దింపితే వినేవారు కనిపెట్టగలరా అని. మొత్తం 554 ప్రయత్నాల్లో సరైన జవాబులు 276. నాణెం ఎగరేసినా సుమారు అంతే వస్తుంది!

మీరే చేసి చూడండి

ఇప్పుడు బాబాయి ఇంట్లో మీరు చేయవలసిన ప్రయోగం ఇది. ఆ ఖరీదైన స్విచ్చిని స్నేహితుడి దగ్గర ఒక్క ఆదివారానికి అరువు తెప్పించండి. రెండు స్విచ్చీలనూ తెర వెనుక ఉంచండి. తెర వెనుక మీ చెల్లెలు ఉంటుంది. ప్రతిసారీ ఆమె నాణెం ఎగరేస్తుంది. బొమ్మ పడితే మామూలుది, బొరుసు పడితే ఖరీదైనది తగిలించి, కాగితం మీద రాసుకుంటుంది. పాట అదే, ధ్వని మీట అదే చోట, బాబాయి కుర్చీ అదే చోట. మీరు బాబాయి పక్కన కూర్చుని ఆయన జవాబులు రాయండి. ఏది తగిలించిందో మీకు కూడా తెలియకూడదు. మీ ముఖం చూసి ఆయన పసికట్టవచ్చు!

ఇలా పదిసార్లు చేయండి. ఊరికే ఊహిస్తే ఎన్ని సరిపోతాయి? మొత్తం జవాబుల వరసలు 1,024. అందులో పదీ సరైనది 1, తొమ్మిది సరైనవి 10. కనుక తొమ్మిది గాని పది గాని అదృష్టం వల్ల సరిపోయే అవకాశం 1,024లో 11, అంటే సుమారు నూటికి ఒకటి. బాబాయి తొమ్మిదికి తక్కువ కాకుండా చెబితే, ఏదో ఉందని ఒప్పుకుని, ఇంకో ఆదివారం మళ్లీ చేసి చూడండి. అయిదో ఆరో చెబితే, చెవికి తేడా తెలియలేదన్నమాట.

ఇంట్లో ఇవేవీ లేవా? ఫోనుతోనూ చేయవచ్చు. ఒకే పాటను ఒకసారి ఇంటర్నెట్టు నుంచి నేరుగా వినండి, ఇంకోసారి ముందే ఫోనులో దింపుకుని వినండి. నాణ్యత రెండింటికీ ఒకటే ఉండేటట్టు అమర్చుకోండి. రెండోసారి నెట్‌వర్కు అనేదే లేదు. కళ్లు మూసుకుని ఏది ఏదో చెప్పగలరేమో చూడండి.

బాబాయికి జవాబు

ఇప్పుడు బాబాయికి ఏం చెప్పాలో మీకు తెలిసింది. “బాబాయ్, అంకెలు మారవు. వేళను నీ సంగీత పరికరమే చూసుకుంటుంది. రొద వస్తే అది రొదగానే వినిపిస్తుంది, దానికి చవక మందుంది. నా మాట నమ్మవద్దు. ఆదివారం పరీక్ష పెట్టుకుందాం. అంతవరకూ డబ్బు పిన్ని దగ్గరే ఉండనీ.”

ఆయన చెవిని మీరు అవమానించినట్టు కాదు. ఆ చెవికి న్యాయమైన అవకాశం ఇచ్చినట్టు. 1887లో మైకెల్సన్, మోర్లీ చేసినది కూడా అదే. అందరూ ఉందని నమ్మిన ఈథర్‌కు నిరూపించుకునే అవకాశం ఇచ్చారు. అది దొరకలేదు. దొరకలేదని వాళ్లు సిగ్గుపడలేదు, దాచనూ లేదు. ఉన్నదున్నట్టు ప్రకటించారు.

వానాకాలం దగ్గర పడుతోంది. ఆదివారం ఎంతో దూరం లేదు. తెరకు దుప్పటి, ఎగరేయడానికి రూపాయి బిళ్ల, రాసుకోవడానికి కాగితం సిద్ధం చేసుకోండి. ఫలితం ఏది వచ్చినా సరే, ఉన్నదున్నట్టు రాయండి.